కొనకుండా సాగిన ఎవుసం

బోయిగూడలో ఇప్పుడు ప్రతి రెండో మనిషీ రైతే. మా అపార్ట్‌మెంట్‌ మూడో అంతస్తు కుర్రాడికి షాద్‌నగర్ అవతల ఇరవై గుంటలు, ఎదురింటి బ్యాంకు ఆయనకు చేవెళ్ళ దారిలో పది గుంటలు. ఆదివారం పొద్దున్నే కార్లో టోపీలు, నీళ్ళ సీసాలు, పిల్లలు ఎక్కుతారు. సాయంత్రం తిరిగొచ్చి "అంకుల్, మా మామిడి మొక్కలు చూడండి" అని ఫోను నా ముక్కు మీద పెడతారు. మొక్కకు డ్రిప్పు, చుట్టూ ప్రహరీ, ప్రహరీకి గేటు, గేటుకు తాళం, లోపల ఓ కాపలా మనిషి. ఆ కాపలా మనిషి ఎవరని అడిగి చూడండి. చాలాచోట్ల ఆ భూమి అమ్ముకున్న రైతో, అతని కొడుకో అయి ఉంటాడు.

"మా రోజుల్లో..." అని నేను నోరు తెరవగానే లిఫ్టు వచ్చేస్తుంది. అందుకని రాస్తున్నాను. కాగితం ముందు లిఫ్టు ఆగదు కదా.

నేను గ్రామసేవక్‌గా పనిచేసినవాణ్ణి. ఈ తరానికి ఆ పేరే తెలీదు. 1952లో సమాజ వికాస పథకం పెట్టినప్పుడు ఊరి స్థాయిలో నిలబెట్టిన మనిషి గ్రామసేవక్. నేను చేరేనాటికి ఆ పథకం పాతబడింది గానీ సైకిలు మాత్రం అలాగే ఉంది. పాలమూరు జిల్లాలో ఆమనగల్లు పక్క పల్లెలు నావి. వాన పడితే సైకిలు నన్ను మోయదు, నేనే దాన్ని మోయాలి. పొలం గెట్టు మీద కూర్చుంటే రైతు ముందు విత్తనం సంగతి మాట్లాడడు. ఎద్దుకు కాలు నొప్పి అంటాడు, కూతురు పెళ్లంటాడు, సావుకారి మిత్తి అంటాడు. మొదట్లో నాకు చికాకు. విత్తనం సంగతి చెప్పడానికి వస్తే ఈ రామాయణమేమిటని. పెద్దవాళ్ళు చెప్పగా తెలిసింది, ఆ రామాయణమే ఎవుసమని. ఎద్దు కాలు బాగుపడకపోతే దుక్కి ఆలస్యం, దుక్కి ఆలస్యమైతే జొన్న పోయి ఆముదం వస్తుంది, జొన్న పోతే ఇంట్లో తిండికీ బర్రెకు చొప్పకూ కరువు, చొప్ప లేకపోతే బర్రె అమ్మాలి, బర్రె అమ్మితే పెళ్లికి అప్పు. ఒక్క ఎద్దు కాలికి ఇంటిల్లిపాదీ ముడిపడి ఉన్నారు. ఈ ముడుల లెక్కకే తర్వాత పెద్ద చదువులవాళ్ళు ఫార్మింగ్ సిస్టమ్ అని పేరుపెట్టారు. సరే, వాళ్ళ పేరు వాళ్ళిష్టం.

బోయిగూడలో ఇల్లుంటే ఒక వెసులుబాటు, ఒక తిప్పలు. అటు సికింద్రాబాద్ స్టేషను, ఇటు గాంధీ ఆస్పత్రి. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా మకాం మా ఇంట్లోనే. మొన్న మా తమ్ముడి కొడుకు వచ్చాడు, వాళ్ళ అత్తగారికి స్కానింగు. రిపోర్టు వచ్చేదాకా పని లేదు. వాడికి నాలుగు ఎకరాల చెలక ఉంది, నాలుగింటా పత్తే. ఊరికే కూర్చోలేక నోటుబుక్కు తెచ్చాను. "ఏం రా, నిరుడు పెట్టిందంతా చెప్పు, రాద్దాం" అన్నాను.

"ఎందుకు పెద్దనాయనా, రాస్తే గుండె ఆగుతది" అన్నాడు. అయినా చెప్పాడు.

విత్తనం ప్యాకెట్లు ఎకరానికి రెండు. 2025లో ప్యాకెట్ ధర 901 రూపాయలు, అంటే నాలుగెకరాలకు ఏడు వేల పైన. దుక్కికి ట్రాక్టర్, గుంటుకకు మళ్ళీ ట్రాక్టర్. డీఏపీ బస్తా 1350, దాని వెంట యూరియా, దాని వెంట దుకాణదారు అంటగట్టిన ఇంకేదో డబ్బా. కలుపు మందు. పురుగు మందు ఎన్నిసార్లు కొట్టాడో వాడికే గుర్తు లేదు. పత్తి ఏరడానికి కిలోకింత అని కూలి. మార్కెట్‌కు ఆటో. అక్కడ తేమ ఎక్కువుందని తరుగు. ఇదంతా ఉద్దెర తెచ్చిందే కాబట్టి మిత్తి వేరే గీతలో. రాసి రాసి నేను ఒక గీత గీశాను. ఎడమవైపు దుకాణం నుంచి వచ్చినవి, కుడివైపు ఇంట్లోంచి వచ్చినవి. ఎడమవైపు పేజీ నిండింది. కుడివైపు వాడి రెండు చేతులు, వాళ్ళావిడ రెండు చేతులు. అంతే. ఒక గంపెడు పెండ లేదు, ఒక గింజ లేదు, ఒక ఎద్దు లేదు.

వాళ్ళ నాయన అదే నాలుగెకరాలు చేసినప్పుడు ఎడమవైపు రాయడానికి ఏముండేది? ఉప్పు, కిరసనాయిలు, కర్రుకు ఇనుము, బట్టలు, అప్పుడప్పుడు యూరియా. విత్తనం గుమ్మిలోంచి, బూడిద కలిపి దాచినది. ఎరువు పెంటకుప్పలోంచి, చాలకపోతే చెరువు మట్టి. ఎండాకాలంలో గొల్లవాళ్ళ మంద ఒక రాత్రి పొలంలో నిలబెట్టిస్తే, పెట్టిన గింజలకు అంతకంతా ఎరువు. దున్నడానికి ఎడ్లు, ఎడ్లకు జొన్న చొప్ప. ఆముదంలో కంది సాళ్ళు: వాన ఆగిపోతే ఆముదం పోయినా కంది నిలుస్తుంది, కంది వేరు లోతు. ముఖ్యంగా ఒక ఇంటి అవసరానికి ఇంకో ఇల్లు బదులు వెళ్లేది. ఈ రోజు నీ కలుపు, రేపు నా కలుపు. డబ్బు మారకుండా పని మారేది.

నేను ఇంత చెప్పేసరికి వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ పెండ ఎవరెత్తిన్రో కూడా రాయి నీ బుక్కుల" అంది.

రాయక తప్పదు. పెండ ఎత్తింది, విత్తనం దాచింది, కలుపు తీసింది, గడ్డి మోసింది ఆడవాళ్ళే. ఆ పనికి లెక్కలో సున్నా వేసి కొనకుండా గడిచిపోయిందని మురిసింది మగవాళ్ళం. అదొక్కటే కాదు. పెద్దరైతుల ఇళ్ళలో జీతం ఉన్న పిల్లలుండేవారు, సావుకారి మిత్తి నూటికి రెండూ మూడూ ఉండేది నెలకు, రెండు వానలు తప్పితే బొంబాయి బస్సెక్కేవాళ్ళు. పాలమూరు వలస అంటే దేశానికంతా తెలుసు. కాబట్టి నేను ఆ కాలాన్ని బంగారమనడం లేదు. ఆ కాలంలో చిన్న కమతానికి ఒక బలం ఉండేది, ఆ బలాన్ని మనం చూసుకోకుండా పోగొట్టుకున్నాం అంటున్నాను. ఈ రెండు మాటలకూ తేడా తెలియని వాళ్ళతోనే నాకు గొడవ.

ఆ బలం నా ఊహ కాదు, లెక్కలకెక్కింది. 1954-55 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశంలో జిల్లాలు ఎంచుకుని రైతుల ఇళ్ళలో ఖర్చు, రాబడి, పని గంటలు అన్నీ రాయించింది. ఫార్మ్ మేనేజ్‌మెంట్ సర్వేలు అనేవారు. మన దగ్గర పశ్చిమ గోదావరిలో 1957 నుంచి చేశారు. ఆ పుస్తకాలు చదివి 1962లో అమర్త్యసేన్ ఒక సంగతి పైకి తీశాడు: కమతం చిన్నదయ్యే కొద్దీ ఎకరం దిగుబడి పెరుగుతోందని. దాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. మా లాంటివాళ్ళకు అందులో వింతేమీ లేదు. పెద్దరైతు కూలికి డబ్బిచ్చే ముందు ఈ కలుపు తీయిస్తే గిట్టుతుందా అని చూస్తాడు. చిన్నరైతు చూడడు, తనే వంగి తీస్తాడు. ఆ వంగిన నడుమే ఎక్కువ దిగుబడి.

ఇప్పుడు నా తమ్ముడి కొడుక్కి కమతం చిన్నదే, ఖర్చు మాత్రం పెద్దరైతుదే. దున్నేది కిరాయి, ఏరేది కిరాయి, విత్తనం కొనుడు, ఎరువు కొనుడు. చిన్న కమతానికి ఉండే ఒక్క మేలూ పోయి, కీడు మాత్రం మిగిలింది: చిన్న బేరం కాబట్టి దుకాణంలో ధర తగ్గదు, మార్కెట్‌లో మాట చెల్లదు. 2015-16 కమతాల లెక్క ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. కమతాల్లో నూటికి 88 చిన్న, సన్నకారు రైతులవే. ఇంతమంది ఒకే తప్పుడు లెక్కలో నడుస్తుంటే దాన్ని వాళ్ళ తెలివితక్కువ అనడం నాకు మండుతుంది.

తెలివి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధనకు ఇక్రిశాట్ పెట్టారు. 1975లో వాళ్ళు మా పక్క ఔరేపల్లిలో, దోకూరులో, ఇంకా మహారాష్ట్ర ఊళ్ళలో మనుషుల్ని దించారు. చుట్టపుచూపు కాదు, మకాం. ఊళ్లో కొన్ని ఇళ్ళు ఎంచుకున్నారు: కూలివాళ్ళు, చిన్నరైతులు, మధ్యరైతులు, పెద్దరైతులు సమానంగా. మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ పోయి ఏ మడిలో ఏమి వేశారు, ఎద్దు ఎన్నిరోజులు నడిచింది, ఎవరి దగ్గర ఎంత అప్పు, ఏం తిన్నారు, అన్నీ రాసేవారు. పిచ్చివాళ్ళేమో అనుకున్నాం. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ మెట్ట సేద్యం గురించి మాట్లాడినా ఆ కాగితాలు తీస్తారు.

అదే ఊళ్ళలో బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త డబ్బుతో ఆట ఆడించాడు. నాణెం ఎగరేస్తారు. ఏది పడినా 50 రూపాయలు చాలా? లేక బొమ్మో బొరుసో ఒకటి పడితే సున్నా, రెండోది పడితే 200 కావాలా? మధ్యలో ఇంకా రకరకాల మెట్లు. రోజు కూలి రెండు మూడు రూపాయలున్న కాలం అది, నిజం డబ్బు. పేదవాళ్ళు భయపడతారు, ఉన్నవాళ్ళు తెగిస్తారు అనే కదా మనం అనుకునేది? తేలింది వేరు. ఆట పెద్దదయ్యేసరికి ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకేలా జాగ్రత్తపడ్డారు. అంటే చిన్నరైతు కొత్త పద్ధతి పట్టకపోవడానికి కారణం పిరికితనం కాదు. అప్పు పుట్టకపోవడం, సరుకు చేరకపోవడం, అమ్మే దారి లేకపోవడం. 1980లో అచ్చయిన సంగతి ఇది. ఇప్పటికీ మీటింగుల్లో "రైతుల్లో చైతన్యం రావాలి" అనే ఉపన్యాసం వింటుంటే నా చేతికర్ర తనంతట తానే లేస్తుంది.

మా రోజుల్లో అందరూ మహానుభావులే అనుకోకండి. అదే ఇక్రిశాట్ వాళ్ళు నల్లరేగడిలో వానకాలం కూడా పంట తీయొచ్చని వెడల్పు మట్టికట్టలు, మధ్యలో బోదెలు వేసే పద్ధతి తెచ్చారు. 1980ల మొదట్లో మెదక్ జిల్లా తడ్డన్‌పల్లిలో రైతుల పొలాల్లో చేసి చూపించారు. పద్ధతి మంచిది, నీరు నిలవదు, మట్టి కోసుకుపోదు. దానికోసం ట్రాపికల్టర్ అని ఎడ్లు లాగే చక్రాల బండి ఒకటి. దున్నుతుంది, విత్తుతుంది, గుంటుక తోలుతుంది, కావాలంటే బండిగానూ పనికొస్తుంది. చూడముచ్చటగా ఉండేది. ధర మాత్రం ఎడ్ల జతను మించిపోయింది. ఊళ్లో వడ్రంగి చేసే నాగలికి పని పడితే గింజలిస్తే చాలు, దీనికి బోల్టు ఊడితే పట్నం రావాలి. ఇలాంటి బండ్ల కథ మీద పాల్ స్టార్కీ 1988లో పుస్తకం రాస్తే, పేరులోనే తేల్చేశాడు: పరిపూర్ణంగా తయారుచేశారు, అయినా ఎవరూ పుచ్చుకోలేదు అని. మనిషి ఇంటి లెక్క చూడకుండా వస్తువు తయారుచేస్తే అంతే. 1980ల్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో ట్రెయినింగ్ అండ్ విజిట్ అని వచ్చింది. పదిహేను రోజులకోసారి మాకు పాఠం, ఫలానా వారం ఫలానా ఊరు అని పట్టీ. పాఠం పైనుంచి వస్తుంది, మేం కిందికి మోస్తాం. ఎద్దు కాలి సంగతి వినడానికి అందులో గంట లేదు. అయినా మనిషి వచ్చేవాడు, అదొక్కటే మేలు.

ఇప్పుడు మనిషి బదులు ఏం వస్తోంది? డబ్బు వస్తోంది, మెసేజి వస్తోంది. 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4000తో మొదలై, 5000 అయి, పేరు మారి, 2025లో రైతుభరోసాగా 6000కు చేరింది. రైతు చేతిలో డబ్బు పడితే నాకేం కడుపుమంట లేదు. కానీ ఎకరాల చొప్పున కదా, రెండెకరాలవాడికి రెండింతలు, పదెకరాలవాడికి పదింతలు. రైతుబంధులో కౌలుకు చేసేవాడి పేరే లేదు. మా మూడో అంతస్తు మామిడి కుర్రాడికీ ఆ డబ్బు పడిందట, ఆ డబ్బుతో గేటుకు రంగు వేయించాడు.

2020 వానకాలం సంగతి ఇంకా బాగుంటుంది. ఎక్కడ ఏ పంట వేయాలో హైదరాబాద్‌లో కూర్చుని నిర్ణయించారు. నియంత్రిత సాగు. మక్క వద్దు, పత్తి, కంది పెంచండి, లేకపోతే రైతుబంధు సంగతి చూసుకోండి అన్నారు. ఏడాది తిరక్కముందే, ఇక మీ ఇష్టం వచ్చిన పంట వేసుకోండి అని చెప్పేశారు. పంట మార్చడమంటే ఎద్దూ, మేతా, కూలీ, అప్పూ అన్నీ కదపడం. అది ఒక్క జీవోతో కదులుతుందనుకున్నవాళ్ళు నాలుగు రోజులు సైకిలు తొక్కి ఉండాల్సింది.

ఇంటిల్లిపాది లెక్క చూసి చేస్తే ఎలా ఉంటుందో మన దగ్గరే ఉంది చూడటానికి. ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పెట్టింది. ఆనాడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. అక్కడ సంఘం అప్పు ఇచ్చి ఊరుకోదు. విత్తనం, ఎరువు అదే అమ్ముతుంది, వడ్లు అదే కొంటుంది, బియ్యం మిల్లు దానిది, పత్తి జిన్నింగు దానిది, సభ్యుల చేత విత్తన వడ్లు పండించి అమ్ముతుంది. పంట డబ్బులోంచే అప్పు తీరుతుంది. తర్వాత ఆడవాళ్ళు తమ పాల డెయిరీ వేరే పెట్టుకున్నారు. మూడెకరాలవాడు అక్కడ దుకాణంలో ఒంటరివాడు కాడు, అదీ కిటుకు. దేశంలో సహకార సంఘాలు ఎన్నో మునిగాయి, ఇది నిలిచింది. రాజకీయం గడప దాటనివ్వలేదని అక్కడివాళ్ళు చెబుతారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దళిత ఆడవాళ్ళ సంఘాలు, ఒకే చెలకలో పది పన్నెండు రకాలు, విత్తనం ఇంట్లోనే, కొనేది దాదాపు లేదు. తమ రేడియో కూడా పెట్టుకున్నారు. జనగామ పక్క ఏనెబావి 2006లోనే ఊరు ఊరంతా మందులు మానేసింది. ఆ ఊరికి తోడు నిలిచిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఆఫీసు తార్నాకలో ఉంటుంది, మా బోయిగూడ నుంచి ఆటో దూరం. మామిడి కుర్రాడికి చెప్పాను, ఆదివారం ఒకసారి అక్కడికి పోయి రమ్మని. గూగుల్‌లో చూస్తానన్నాడు.

ఇక నోటుబుక్కు. స్కానింగు రిపోర్టు వచ్చింది, భయం లేదన్నారు. ఆ రాత్రి వాడూ నేనూ వచ్చే వానకాలానికి ప్లాను వేశాం. మూడెకరాలు పత్తే, కానీ ప్రతి నాలుగైదు సాళ్ళకు ఒక కంది సాలు. నాలుగో ఎకరంలో జొన్న, అందులోనూ కంది. జొన్న చొప్ప ఉంటుంది కాబట్టి ఒక బర్రె. బర్రె ఉంటే పెండ.

"బర్రె అనకు పెద్దనాయనా. ఇప్పుడు నా పెండ్లాం షాద్‌నగర్ కంపెనీకి బస్సుల పోతది. నెలకు జీతమొస్తది. బర్రె పెట్టి ఆమెను మానిపించమంటవా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను బర్రె కొట్టేసి మేకలు అని రాశాను. మేకలు వాడి ఎదురింటి ముసలాయన మేపుతాడు, నాలుగిళ్ళవి కలిపి, ఈనిన పిల్లల్లో వాటాకు. మేకల ఎరువు చాలదు, మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి మట్టి తోలిన రోజుల్లో వాడు తోలుకోలేదు, ఇప్పుడు ట్రాక్టర్ కిరాయి పెట్టుకోవాలి. ఆ కిరాయి రాస్తే ఎడమవైపు మళ్ళీ పెరిగింది. అయినా నిరుటి పేజీ కంటే తక్కువే. కంది ధర ఎంత వేసుకోవాలో ఇద్దరికీ తెలీలేదు.

వాళ్ళ ఏఈవోకు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారికి, ఫోన్ చేయించాను. చదువుకున్న పిల్లవాడు, మర్యాదగా మాట్లాడాడు. "సార్, ప్లాన్ చాలా బాగుంది. కంది గురించి నేను చెప్తా. కానీ పొలానికి వచ్చి కూర్చునేది ఇప్పుడు కాదు, పంటల నమోదు నడుస్తోంది. సర్వే నంబరు నంబరుకూ ఫోటో ఎక్కించాలి. నా క్లస్టర్ ఐదు వేల ఎకరాల పైన. మీ టైంలో మీరు రోజుకు ఎన్ని ఇళ్ళకు పోయేవారు సార్?"

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాడు, రాత్రి ఇంటికి పోయాక చూస్తానన్నాడు. అతన్ని తిడదామని సిద్ధమై కూర్చున్నవాణ్ణి, తిట్టలేకపోయాను. ఒక మనిషికి ఐదు వేల ఎకరాలు అని లెక్క కట్టినవాళ్ళు మాత్రం నాకు ఎప్పుడైనా లిఫ్టులో దొరకాలి.